పెద్ద అక్షరాల తెలుగు బైబిల్: డయాలసిస్ మంచం దగ్గర నుంచి ఒక సమీక్ష

తెలుగు క్రైస్తవ కుటుంబాలలో బైబిల్ లేని ఇల్లు ఉండదు కనుక, ఇంకొక ప్రతి కొనాలా వద్దా అనే ప్రశ్న సాధారణంగా తలెత్తదు. ఇంట్లో చూపు మందగించిన పెద్దవారు ఉండి, వారు దీర్ఘవ్యాధితో ఆసుపత్రికి తిరుగుతూ ఉన్నప్పుడు మాత్రం అది చాలా ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. జీవితమంతా చదివిన వాక్యం సరిగ్గా అవసరమైన రోజుల్లోనే కళ్లకు అందకుండా పోవడం ఎంతటి బాధో పక్కన ఉండి చూసినవారికి తెలుస్తుంది. సంఘాలలో అందరూ పాత అనువాదం అని పిలిచే పాఠంతో వచ్చిన పెద్ద అక్షరాల తెలుగు బైబిల్‌ను మా నాన్నగారి కోసం సికింద్రాబాద్‌లోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో కొన్నాను. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలోనూ, ఇంట్లోనూ దాన్ని చాలాకాలం వాడిన తరువాత, ఇటువంటి స్థితిలో ఉన్న ఇతర కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఈ పుస్తకం కొనదగినది, అయితే దీన్ని ఎక్కడ, ఎలా చదవబోతున్నారో ఆలోచించుకుని కొనాలి. కష్టకాలంలో ధైర్యం కోసం వెతికేవారికి నాలుగు వచనాలు అచ్చువేసిన కార్డు కంటే ఈ పూర్తి గ్రంథమే మేలు చేస్తుందని కూడా నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పదవీ విరమణ పొందారు. ఎన్నో ఏళ్ల మధుమేహం ఆయన మూత్రపిండాలనూ కళ్లనూ కలిపే దెబ్బతీసింది. ఈ రెండు చోట్లా పని చేసేవి అతి సన్నని రక్తనాళాలే కనుక, చక్కెర వ్యాధి చేసే హాని తరచుగా రెండింటిలోనూ కనిపిస్తుందని వైద్యులు చెబుతారు. అందువల్ల డయాలసిస్ అవసరమైన మధుమేహ రోగులలో చాలామందికి చిన్న అక్షరాలు చదవడం కూడా కష్టమే. నాన్నగారి పాత బైబిల్ చేతిలో ఇమిడేంత చిన్నది. పెళ్లి రోజు, మా పుట్టిన తేదీలు, బాప్తిస్మపు తేదీలు అన్నీ దాని మొదటి పేజీలలోనే రాసుకున్నారు. దాన్ని భూతద్దంతో చదవడానికి ప్రయత్నించి, రెండు మూడు వచనాల తరువాత కళ్లు నీరుకారి మూసేసేవారు.

పెద్ద అక్షరాల పుస్తకం అనగానే అక్షరం ఎత్తు ఒక్కటే చూసి కొనేవారు ఎక్కువ. తెలుగు లిపికి ఆ ఒక్క కొలత సరిపోదు. మన అక్షరాలకు పైన గుడులు, తలకట్లు ఉంటాయి, కింద ఒత్తులు వేలాడుతుంటాయి. అక్షరాన్ని పెద్దది చేసి పంక్తుల మధ్య జాగా పెంచకపోతే పై పంక్తిలోని ఒత్తు కింది పంక్తిలోని గుడిదీర్ఘాన్ని తాకి, మసక కళ్లకు రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. ‘ని’కీ ‘నీ’కీ తేడా తెలియకపోతే ‘నీవు’ అన్న చిన్న మాట దగ్గర కూడా చదివేవారు ఆగిపోతారు. నేను కొన్న ప్రతిలో అక్షరం మరీ భారీగా లేదు కానీ పంక్తుల మధ్య ఎడం ధారాళంగా ఉంది, సిరా నల్లగా ఉంది. దీని ప్రధానమైన గుణం ఇదే. కొనేవారు దుకాణంలోనే దానియేలు గ్రంథం మూడవ అధ్యాయం తెరిచి చూడాలని నా సలహా. నెబుకద్నెజరు, షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే పేర్లు ఆ పేజీలలో మళ్లీ మళ్లీ వస్తాయి కనుక, ఒత్తులతో నిండిన ఆ పంక్తులను మీ ఇంటి పెద్దవారు తడబడకుండా చదవగలిగితే మిగిలిన గ్రంథమంతా చదవగలరు.

ఆ అధ్యాయాన్ని పరీక్ష కోసం తెరిచినా, మేము చాలాసేపు అక్కడే ఆగిపోయాము. అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు రాజుతో చెప్పిన జవాబులో రెండు భాగాలున్నాయి. తమ దేవుడు తమను తప్పించగల సమర్థుడని మొదట చెబుతారు. ఒకవేళ ఆయన ‘రక్షింపకపోయినను’ తాము ప్రతిమకు మొక్కేది లేదని ఆ వెంటనే చెబుతారు. పదిహేడవ వచనం ఎంతోమందికి కంఠస్థం, పద్దెనిమిదవది అంతగా వినిపించదు. వ్యాధి నయమవుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేని స్థితిలో ఉన్న మనిషికి ఆ రెండవ భాగం ఎంత బలమిస్తుందో నాన్నగారిని చూశాకనే నాకు అర్థమైంది. మూత్రపిండాలు పూర్తిగా విఫలమైన తరువాత డయాలసిస్ వాటి పనిలో కొంత భాగాన్ని చేసి ప్రాణాన్ని నిలుపుతుందే తప్ప వాటిని బాగుచేయదు. ఈ సంగతి తెలిసి కూడా ప్రతిసారీ సూదులకు చేయి చాపగల ధైర్యం, స్వస్థత జరిగితీరుతుందనే నమ్మకం నుంచి మాత్రమే రావాలంటే, ఆ నమ్మకం సడలిన రోజున మనిషి పూర్తిగా కూలిపోతాడు. ‘రక్షింపకపోయినను’ అనగలిగినవారి ధైర్యానికి ఆ ప్రమాదం లేదు.

ఇక్కడ వాగ్దానాల కార్డుల గురించి కొంత చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి వాగ్దానం తీసుకోవడం మన సంఘాలలో ఎంతో ప్రీతికరమైన ఆచారం, మా ఇంట్లోనూ ఫ్రిజ్ తలుపు మీద అటువంటి కార్డులున్నాయి. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయినా వచనాన్ని దాని అధ్యాయం నుంచి విడదీసి గోడకు అంటించినప్పుడు అందులోని బలం సగం పోతుంది. యిర్మీయా 29వ అధ్యాయం పదకొండవ వచనం ఎన్ని ఇళ్ల గోడల మీద ఉందో లెక్కలేదు. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావనీ, రాబోవు కాలమందు నిరీక్షణ కలుగుతుందనీ అది చెబుతుంది. ఆ మాటలు బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరంలోనివి. వాటికి సరిగ్గా ముందున్న పదవ వచనం, తిరిగి రావడానికి 70 సంవత్సరాలు పడుతుందని చెబుతుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది స్వదేశాన్ని చూడకుండానే పరాయి నేలలో కన్నుమూస్తారు. అందుకే అదే ఉత్తరం అక్కడే ఇళ్లు కట్టుకోమనీ, తోటలు నాటమనీ, పిల్లల పెళ్లిళ్లు చేయమనీ, తాము చెరలో ఉన్న ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమనీ చెబుతుంది. వారం వారం డయాలసిస్‌కు వెళ్లే కుటుంబానికి కావలసిన మాటలు ఇవే. ఎప్పుడు ముగుస్తుందో తెలియని కాలంలోనే ఇల్లు నడపాలి, మనుమరాలి పరీక్షల గురించి అడగాలి, మిద్దె మీది తులసి కుండీకి, గులాబీ కుండీకి నీళ్లు పోయాలి. ఈ అధ్యాయం మొత్తం చదివిన రోజు నాన్నగారు, అప్పటికి కొన్ని నెలలుగా వాయిదా వేస్తూ వచ్చిన వంటింటి పైకప్పు మరమ్మతుకు మేస్త్రీని పిలవమన్నారు.

ఇక డయాలసిస్ విభాగంలో ఈ పుస్తకం ఎలా పనికొస్తుందన్న విషయానికి వస్తాను. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు రోగి మంచం మీద ఉండాలి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి శస్త్రచికిత్సతో సిద్ధం చేసిన రక్తనాళం) ఉన్న చేతిలో రెండు సూదులు ఉంటాయి కనుక ఆ చేతిని కదిలించకూడదు. మిగిలింది ఒక్క చేయి. ఈ బైబిల్‌ను ఒక్క చేత్తో పట్టుకోవడం ఆరోగ్యంగా ఉన్నవారికే కష్టం, రోగికి అసాధ్యం. భోజనం పెట్టే బల్లను మంచం మీదుగా జరిపి దాని మీద పుస్తకాన్ని తెరిచి ఉంచితే కొంతవరకు వీలవుతుంది, కుట్టు గట్టిగా ఉండటం వల్ల పుస్తకం నడుమ భాగంలో చక్కగా పరుచుకుంటుంది కూడా. అయితే కీర్తనల గ్రంథం దాదాపు పుస్తకం మధ్యలో ఉంటుంది కనుక ఈ సౌలభ్యం కీర్తనలకు వర్తిస్తుంది గాని, ఆదికాండమూ ప్రకటన గ్రంథమూ తెరిస్తే ఒక పక్క ఎత్తుగా లేచి పేజీలు తిరగబడతాయి. కాగితం బైబిళ్లన్నిటికీ వాడే పలుచని రకమే కావడంతో, ఒక్క చేత్తో తిప్పేటప్పుడు రెండు మూడు పేజీలు కలిసి వస్తాయి. విభాగంలోని చల్లదనానికి వేళ్లు మొద్దుబారినప్పుడు ఇది మరింత ఇబ్బంది. కాబట్టి ఆసుపత్రిలో రోగి స్వయంగా చదువుకోవడానికి ఇది సరైన పుస్తకం కాదని స్పష్టంగా చెప్పాలి. పక్కన కూర్చున్నవారు చదివి వినిపించడానికి, ఇంట్లో బల్ల మీద పెట్టుకుని రోగి తానే చదువుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి ప్రతిని నేను చూడలేదు.

పైకి చదివి వినిపించడం వల్ల కలిగిన మేలును నేను ముందుగా ఊహించలేదు. పెద్ద అక్షరాలు, విశాలమైన పంక్తులు చదివేవారి వేగాన్ని కూడా తగ్గిస్తాయి. రాత్రి నిద్రలేక వచ్చిన నాకు సైతం కళ్లు చెదరకుండా, తొందర లేకుండా చదవడం సాధ్యమైంది. పాత అనువాదపు వాక్యాలు గ్రాంథికంలో ఉన్నా, వాటి నడక నోటికి ఎంతో అనువైనది. ‘గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను’ అని చదువుతున్నప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే చెబుతుంది. నాన్నగారు నాతో పాటు పెదవులు కదిపేవారు. చిన్నతనంలో మెదక్ చర్చిలో విన్న మాటలు ఆయనకు చూపు మందగించినా పోలేదు. కరువు కాలంలో పేదలకు పని, అన్నం కల్పించడానికి కట్టడం సాగించి, 1924 డిసెంబరు 25న ప్రారంభించిన ఆ దేవాలయం గురించి ఆయన మాట్లాడేటప్పుడు దాని ఎత్తు కంటే ఆ కరువు సంగతే ఎక్కువగా చెబుతారు.

వార్డులో పైకి చదివేటప్పుడు మర్యాద పాటించాలి. అక్కడ అన్ని మతాలవారూ ఉంటారు, కొందరికి నిద్ర కావాలి, కొందరికి నిశ్శబ్దం కావాలి. సిస్టర్‌ను, ఇరుపక్కల మంచాలవారిని అడిగిన తరువాతే తక్కువ గొంతుతో చదివేవాణ్ణి. కుడివైపు మంచం మీద పాతబస్తీ నుంచి వచ్చే ఒక ముస్లిం పెద్దమనిషి తస్బీ (జపమాల) తిప్పుకుంటూ ఉండేవారు. నేను చదివేది దావీదు కీర్తనలని తెలిసి, ‘అది జబూర్, మాకూ గౌరవమే, చదవండి’ అన్నారు. ఎడమవైపు మంచం దగ్గర కూర్చునే ఒక అక్క, ‘జర గట్టిగ చదువన్నా, మా ఆయనకు గూడ ఇనవడాలె’ అని అడిగేది. ఆమెది ఏ సంఘమో నేను అడగలేదు. పెద్ద అక్షరాల పుస్తకం పక్క మంచానికి ఇచ్చినా అద్దాలు లేకుండా ఆమె చదవగలిగింది. చిన్న ప్రతితోనో ఫోన్‌తోనో అది సాధ్యమయ్యేది కాదు.

డయాలసిస్ రోగులను అన్నిటికంటే ఎక్కువ బాధించేది దప్పిక అని బయటివారికి అంతగా తెలియదు. మూత్రం తగ్గిపోయిన శరీరంలో తాగిన నీరు నిలిచిపోయి కాళ్లవాపు, ఆయాసం తెస్తుంది కనుక రోజుకు ఇంతే అని కొలిచి ఇవ్వాలి. హైదరాబాద్ మే నెల ఎండలో, కళ్లముందే చల్లని కుండ ఉండగా, నాన్నగారు నోరు పుక్కిలించి ఉమ్మేసేవారు. అటువంటి రోజుల్లో నలభై రెండవ కీర్తన ఇంకో విధంగా వినిపించింది. దుప్పి నీటివాగుల కొరకు ఆశపడే ఆ కీర్తనను నేను ఆదివారపు బడి నుంచి పాడుతూనే ఉన్నాను, అయినా నిజంగా దప్పిగొన్న మనిషి పక్కన కూర్చుని చదివినప్పుడు అందులోని ప్రతి మాటా శరీరాన్ని తాకింది. ‘నీ దేవుడు ఏమాయెను’ అని నిత్యం అడిగేవారి మధ్య కన్నీళ్లే రాత్రింబగళ్లు తనకు ఆహారమయ్యాయని ఆ కీర్తనకారుడు అంటాడు, తన ప్రాణాన్ని తానే ‘నీవేల క్రుంగియున్నావు’ అని ప్రశ్నించుకుంటాడు, దేవునియందు నిరీక్షణ ఉంచమని తనకు తానే చెప్పుకుంటాడు. కీర్తన ముగిసే సరికి ఆ ప్రశ్నకు పూర్తి జవాబు రాదు, అదే పల్లవి మళ్లీ వస్తుంది, నలభై మూడవ కీర్తన చివర ఇంకొకసారి వస్తుంది. నాన్నగారు ఆ రెండు కీర్తనలనూ కలిపే చదవమనేవారు. ఆ తరువాత యోహాను సువార్త పందొమ్మిదవ అధ్యాయం తీయమని, సిలువ మీద ప్రభువు దప్పిగొనుచున్నానని చెప్పిన చోట ఆపమనేవారు. శుభ శుక్రవారం నాడు ఏడు మాటల మీద ప్రసంగాలు ఎన్నో విన్నాను, ఆ ఐదవ మాట దగ్గర ఆయన కళ్లు మూసుకుని పొందిన ఊరటను మాత్రం ఏ ప్రసంగంలోనూ చూడలేదు. తన నోటి ఎండుదనాన్ని తన ప్రభువు ఎరుగును అన్నదే ఆయనకు ఆదరణ. దప్పిక తగ్గలేదు, దాన్ని ఒంటరిగా భరించవలసిన అవసరం తగ్గింది.

పూర్తి గ్రంథం చేతిలో ఉండటం ఎందుకు ముఖ్యమో ఇటువంటి చోట్లే తెలుస్తుంది. నూట యాభై కీర్తనలలో దాదాపు మూడో వంతు విలాపాలు, మొరలు. పదమూడవ కీర్తన ‘ఎన్నాళ్లవరకు’ అన్న అర్థం వచ్చే ప్రశ్నను మొదటి రెండు వచనాలలోనే మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఎనభై ఎనిమిదవ కీర్తన అయితే స్తుతితో ముగియనే ముగియదు, ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్న మాటతో ఆగిపోతుంది. ఈ వచనాన్ని ఏ వాగ్దానాల క్యాలెండరూ అచ్చువేయదు. అయినా, రాత్రి కాళ్ల తిమ్మిర్లతో మేలుకుని ఉన్న మనిషికి, తన వంటి మొర పరిశుద్ధ గ్రంథంలో ఉందనీ, దాన్ని దేవుని ప్రజలు వేల ఏళ్లుగా ఆరాధనలో చదువుతున్నారనీ తెలియడం ఎంతో ధైర్యమిస్తుంది. అలా మొరపెట్టడం అవిశ్వాసం కాదని ఎవరైనా చెబితే సగమే నమ్ముతాము, గ్రంథంలో కళ్లారా చదివితే పూర్తిగా నమ్ముతాము. పరామర్శకు వచ్చే మన విశ్వాసులలో కొందరు ‘విశ్వాసం ఉంచితే లేచి నడుస్తారు’ అని చెప్పి వెళ్తారు. మంచి మనసుతోనే చెబుతారు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాటాడక కూర్చున్న ఘట్టాన్ని వారు ఒకసారి చదివి రావాలని నా విన్నపం. ఆ స్నేహితులు నోరు తెరిచిన తరువాతే యోబుకు కొత్త బాధ మొదలైంది.

ఏలీయా కథను కూడా ఇక్కడ తలచుకోవాలి. మొదటి రాజుల గ్రంథం పందొమ్మిదవ అధ్యాయంలో, ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ఆ ప్రవక్తను దేవదూత మందలించడు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్ల బుడ్డీ చూపించి తినమంటాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటాడు, దూత రెండవసారి వచ్చి మళ్లీ తినమంటాడు. అతని శక్తికి మించిన ప్రయాణం ముందున్నదన్నదే దూత చెప్పిన కారణం. డయాలసిస్ తరువాత సోలిపోయి ఇంటికి వచ్చే మనిషికి మొదట కావలసినవి అన్నం, నిద్ర. ఉపవాస ప్రార్థనకు రమ్మని పిలిచే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం సంఘ పెద్దలకు కూడా మంచిది. మా అమ్మ ఈ అధ్యాయం విన్న తరువాత, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సాయంత్రపు కుటుంబ ప్రార్థనను పది నిమిషాలకు కుదించి ముందుగా భోజనం వడ్డించడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఈ గ్రంథం తెచ్చిన మార్పులలో నాకు అత్యంత ప్రియమైనది ఇదే.

మళ్లీ పుస్తకపు ఆకారానికి వస్తాను. ప్రభువు మాటలను ఎర్ర సిరాతో అచ్చువేసిన ప్రతులు దుకాణాలలో దొరుకుతాయి. ఈ పద్ధతి 1899లో అమెరికాలో లూయిస్ క్లాప్ష్ అనే సంపాదకుడు ప్రచురించిన కొత్త నిబంధనతో మొదలైంది, చూడటానికి భక్తిని కలిగిస్తుంది. రెటీనా దెబ్బతిన్నవారికి, కంటి పొర ఉన్నవారికి మాత్రం పలుచని కాగితం మీద ఎర్ర అక్షరాలు నలుపు అంత స్పష్టంగా కనిపించవు. సువార్తలే చదవలేకపోతే పెద్ద అక్షరాల వల్ల ప్రయోజనమేమిటి? కనుక పూర్తిగా నల్ల సిరాతో ఉన్న ప్రతినే ఎంచుకున్నాము. పేజీ నడుమ సన్నని అక్షరాలతో వచన సూచికలు ఉన్న ప్రతులు బోధకులకు ఉపయోగకరం, రోగికి అవి అడ్డు. అంచున గ్రంథాల పేర్లతో కోతలు ఉన్న ప్రతి దొరికితే తీసుకోండి. జిప్ కవర్ తప్పనిసరి. ఆసుపత్రికి తీసుకెళ్లే వస్తువు కనుక తడిగుడ్డతో తుడవగలిగే రెక్సిన్ రకమే మేలు, బట్ట కవర్లు వద్దు.

పాత అనువాదం అందరికీ తేలిక కాదు. ఇంటర్ చదివే మా అమ్మాయికి ‘తృష్ణగొనుచున్నది’ వంటి మాటలు అర్థం కాలేదు. ఆమె తన ఫోన్‌లోని బైబిల్ యాప్‌లో ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు పాఠం తెరిచి, నేను చదివిన భాగాన్నే వాడుక భాషలో తాతయ్యకు మళ్లీ చెప్పేది. రెండు పాఠాలను ఇలా పక్కపక్కన వాడటం మాకు బాగా కలిసి వచ్చింది. ఫోన్‌లో అక్షరాన్ని ఎంతైనా పెద్దది చేసుకోవచ్చు, వినే సౌకర్యమూ ఉంటుంది, ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. అయినా పెద్దది చేసిన కొద్దీ తెర మీద రెండు మూడు పంక్తులే మిగిలి, ముందేముందో వెనుకేముందో తెలియకుండా పోతుంది, కీర్తన మధ్యలో ఫోన్ మోగుతుంది. నాన్నగారికి ఇయర్‌ఫోన్‌లో వినడం యంత్రం మోతలో కొంత ఊరటే అయినా, సొంత మనిషి గొంతు ఇచ్చే నెమ్మది దానిలో లేదని ఆయనే అన్నారు. కతోలిక కుటుంబాలవారు కొనేముందు ఒక విషయం సరిచూసుకోవాలి. ఈ ప్రతిలో 66 గ్రంథాలు ఉంటాయి, కతోలిక బైబిల్‌లో 73. తోబితు, సీరా పుత్రుడైన యేసు గ్రంథం వంటివి కావాలనుకునేవారు ఆ ప్రతినే అడగాలి.

ఈ పాఠం మనకు చేరడానికి వెనుక కూడా శ్రమల చరిత్ర ఉంది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీవారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారు శ్రమించిన తెలుగు సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూరులో అచ్చయ్యే నాటికి వారిద్దరూ లేరు. ఆ పనిలో వారికి తోడైన ఆనందరాయరు వంటి తెలుగు తెలిసినవారి పాత్రను మన సంఘాలు ఇంకా ఎక్కువగా స్మరించాలి.

ప్రచురణకర్తలకు ఒక మనవి. కీర్తనల గ్రంథాన్ని మాత్రమే విడిగా, ఇదే అక్షర పరిమాణంతో, ఇదే పంక్తుల ఎడంతో, ఒక్క చేత్తో పట్టుకోగలిగే సన్నని సంపుటంగా తేవాలి. కాగితం కొంచెం మందంగా ఉండాలి, స్పైరల్ కుట్టు అయితే ఇంకా మంచిది. కొత్త నిబంధనతో కలిపి వచ్చే చిన్న పుస్తకాలు చాలా ఉన్నాయి గాని వాటి అక్షరాలు పెద్దవారికి అందవు. డయాలసిస్ కేంద్రాలలో, కీమోథెరపీ వార్డులలో, వృద్ధాశ్రమాలలో అటువంటి సంపుటానికి ఎంతో అవసరం ఉంది. అది వచ్చేవరకు నేను చేసిన ఏర్పాటు ఇది: నాన్నగారు తరచుగా అడిగే పన్నెండు కీర్తనలను పెద్ద అక్షరాలతో ఏ4 కాగితాలకు ఒకవైపే ప్రింట్ తీయించి, ప్లాస్టిక్ ఫైలులో పెట్టాను. ఆసుపత్రికి ఆ ఫైలు వెళ్తుంది, పుస్తకం ఇంట్లో బల్ల మీద ఉంటుంది, నేను వెంట వెళ్లే రోజున మాత్రం రెండూ వస్తాయి.

జబ్బుపడినవారికి ఈ పుస్తకాన్ని బహుమతిగా ఇవ్వాలనుకునేవారు, ముందు పేజీలో పేరు రాసే ముందు ఆ మనిషికి ఏ భాగాలు ఇష్టమో ఇంట్లోవారిని అడిగి తెలుసుకుని, ఆ చోట్ల రిబ్బనో, రంగు కాగితమో పెట్టి ఇవ్వండి. తెలియకపోతే పదమూడవ కీర్తన దగ్గర ఒకటి పెట్టండి. అది ఆరు వచనాల చిన్న కీర్తన, నీరసంగా ఉన్నవారు కూడా ఒక్క ఊపులో చదవగలరు, మొర నుంచి నమ్మిక వరకు తానే చేయిపట్టి నడిపిస్తుంది. మామూలు ప్రతి కంటే ధర ఎక్కువే గనుక ఇద్దరు ముగ్గురు కలిసి కొన్నా బాగుంటుంది. వీలైతే పుస్తకం ఇచ్చి వెంటనే వెళ్లిపోకుండా, కుర్చీ దగ్గరకు జరుపుకుని ఒక అధ్యాయం చదివి వెళ్లండి.